వాకిట్లో మొక్కలు, అరుగు మీద ముసలి కుక్క

విదేశాల్లో స్థిరపడిన పిల్లలు అమ్మానాన్నల్ని ఆరునెలలు వచ్చి ఉండమని పిలుస్తారు. ఇక్కడి నుంచి చాలా ఇళ్లలో వెళ్లే జవాబు ఒకటే. "కుక్కను ఎవరికి అప్పజెప్పి రావాలె బిడ్డా? మొక్కలకు నీళ్లెవరు పోస్తరు?" వినేవాళ్లకు అది సాకులా తోస్తుంది. కానీ పిల్లలు ఎగిరిపోయిన ఇంట్లో పొద్దున లేవడానికి, వేళకు వంట చేయడానికి, సాయంత్రం వాకిట్లో కూర్చోవడానికి కారణంగా మిగిలింది ఆ మొక్కలూ ఆ కుక్కే. కుక్కకు జబ్బు చేస్తే ఇంటి దినచర్య అంతా తలకిందులవుతుంది.

మేం బీదరులో ఉంటాం. మా కుక్క మోతీకి వయసు మీదపడింది. పిడుదు జ్వరం వచ్చి తగ్గింది. ఇప్పుడు మూత్రపిండాలు బలహీనపడ్డాయి, వెనక కాళ్లు పట్టేస్తున్నాయి. దాని సేవలో నేను నేర్చుకున్న మాట ఒక్కటే. ముసలి కుక్క ఆరోగ్యం మందుల డబ్బా మీద ఎంత ఆధారపడుతుందో, అది పడుకునే వాకిలి మీద కూడా అంతే ఆధారపడుతుంది. ఏ మొక్క ఎక్కడ ఉంది, ఏ గోడకు పగులుంది, ఏ బండ ఎండకు కాలుతోంది అన్నవి వైద్యంలో భాగమే. ఈ సంగతి తెలిసిన ఇంట్లో కుక్కకు బాధ తగ్గుతుంది, పెద్దవాళ్లకు బరువు తగ్గుతుంది.

ఊరు, రాయి, మన్ను

బీదరు 1956 నవంబరు 1 దాకా హైదరాబాదు రాష్ట్రంలోని జిల్లా. రాష్ట్రాల పునర్విభజనలో అది మూడు ముక్కలైంది. బీదరు, భాల్కి, ఔరాద్, హుమ్నాబాద్ మైసూరు రాష్ట్రానికి వచ్చాయి. జహీరాబాదు, నారాయణఖేడ్ మెదక్ జిల్లాలో కలిశాయి. ఉద్గీర్, నీలంగ, అహ్మద్‌పూర్ బొంబాయి రాష్ట్రానికి పోయాయి. అందుకే ఇక్కడి తెలుగు ఇళ్లలో పిల్లలు బడిలో కన్నడం చదివి, బజారులో దక్కనీ ఉర్దూలో బేరమాడి, ఇంటికొచ్చి అమ్మతో తెలుగులో మాట్లాడతారు.

ఊరు సముద్రమట్టానికి సుమారు 2,300 అడుగుల ఎత్తున, లాటరైట్ పీఠభూమి మీద ఉంది. కోటకు వాడిన రాయి అదే. బహమనీల కాలంలో నీళ్ల కోసం తొలిచిన సురంగ బావులు వెళ్లేదీ ఆ రాతిలోంచే. పాత ఇళ్ల ప్రహరీ గోడలు కూడా చాలావరకు ఆ ఎర్రరాయివే. ఆ రాయికి ఒళ్లంతా చిల్లులు. ఆ చిల్లుల గురించి కాసేపట్లో మళ్లీ చెప్పుకోవాలి.

లాటరైట్ మన్నులో నీరు నిలవదు, సారం తక్కువ. కుండీల్లో ఎర్రమన్ను ఒక్కటే వేస్తే మేనెలలో మొక్క వాడిపోతుంది. బాగా మగ్గిన పశువుల ఎరువు, కొబ్బరిపీచు కలిపితే తేమ ఆగుతుంది. ఎండాకాలంలో ఇక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. చలికాలంలో కర్ణాటకలోకెల్లా తక్కువ ఉష్ణోగ్రతలు నమోదయ్యే ఊళ్లలో మా ఊరొకటి. ఈ రెండు కొసల మధ్య తట్టుకుని నిలిచేవి తులసి, మల్లె, మందార, కరివేపాకు, గులాబీ. ముసలి కుక్కకు కూడా ఆ రెండు కాలాలే గండం.

గోడ చిల్లుల్లో పిడుదులు

మన దగ్గర కుక్కలకు వచ్చే జబ్బుల్లో ఎక్కువ హాని చేసేది పిడుదుల నుంచి వచ్చే జ్వరం. పల్లెల్లో గోమార్లు అనే ఈ పిడుదుల్లో కుక్కను పట్టేది ముఖ్యంగా గోధుమరంగు జాతి. దాని బతుకు తీరు తెలిస్తేనే దాన్ని అదుపు చేయగలం.

గుడ్డులోంచి వచ్చిన పిల్ల కుక్క మీదికెక్కి రక్తం తాగి, నిండాక కింద రాలిపోతుంది. కింద కుబుసం విడిచి, కాస్త పెద్దదై మళ్లీ కుక్కను వెతుక్కుంటుంది. మళ్లీ తాగి, మళ్లీ రాలి, పూర్తిగా ఎదిగి మూడోసారి ఎక్కుతుంది. చివరికి ఆడ పిడుదు దిగిపోయి గోడ పగుళ్లలోనో, కుండీ కిందనో వేల గుడ్లు పెట్టి చనిపోతుంది. జీవితంలో ఎక్కువ కాలం అది గడిపేది కుక్క ఒంటి మీద కాదు, మన వాకిట్లో. తిండి లేకుండా నెలల తరబడి ఉండగలదు. అందుకే కుక్కకు ఒక్కసారి మందు రాసి "పోయినయి" అనుకున్న ఇంట్లో రెండు నెలలకు మళ్లీ కనిపిస్తాయి.

మా గోడ చిల్లులు వాటికి సరిపడా ఇళ్లు. మేం చేసిన పని ఇది. అరుగు చుట్టూ నడుమెత్తు దాకా చిల్లుల్ని సున్నం, సిమెంటు కలిపి పూడ్పించాం. కుండీలన్నిటినీ నేల మీద నుంచి లేపి ఇనుప స్టాండ్ల మీద పెట్టాం. ఎండుటాకులు ఏ రోజువి ఆ రోజే ఊడ్చేస్తాం. మోతీ పడుకునే గోనెసంచిని, దుప్పటిని వారానికోసారి మరిగే నీళ్లలో ఉతికి ఎండలో ఆరేస్తాం. మందు మాత్రం డాక్టరు చెప్పిందే. నోటిద్వారా ఇచ్చే మాత్రలు, మెడ మీద వేసే చుక్కలు ఇప్పుడు దొరుకుతున్నాయి. మూర్ఛ వచ్చే కుక్కలకు కొన్ని మాత్రలు పడవు కాబట్టి ముందే చెప్పాలి. ఇంట్లో పిల్లి కూడా ఉంటే మరీ జాగ్రత్త. కుక్కకు వాడే పెర్మెత్రిన్ మందు పిల్లికి ప్రాణాంతకం.

కిరోసిన్ రాయడం, పొలానికి కొట్టే పురుగుమందు ఒంటికి పూయడం ఇప్పటికీ కొన్ని ఇళ్లలో ఉన్న అలవాట్లు. కుక్క ఒళ్లు నాకుతుంది, విషం కడుపులోకి పోతుంది. పిడుదును చిమ్టాతో చర్మానికి ఆనించి పట్టి నిదానంగా లాగాలి. వేళ్లతో నలపకూడదు.

రక్తంలో దూరే జబ్బు

పిడుదు కాటుతో వచ్చే జబ్బుల్లో ముఖ్యమైనవి రెండు. ఒకటి ఎర్లికియా. 1935లో అల్జీరియాలో మొదట గుర్తించారు. వియత్నాం యుద్ధకాలంలో అమెరికా సైన్యపు జర్మన్ షెపర్డ్ కుక్కలు వందల్లో చనిపోవడంతో దీని తీవ్రత ప్రపంచానికి తెలిసింది. రెండోది బబీసియా. మన దేశపు కుక్కల్లో ఎక్కువగా కనిపించే బబీసియా గిబ్సోనీని ప్యాటన్ అనే శాస్త్రజ్ఞుడు 1910లో వర్ణించాడు. ఆయన దాన్ని చూసింది మద్రాసు వేటకుక్కల రక్తంలోనే. ఇది నూరేళ్లకు పైగా మన గడ్డ మీద తెలిసిన జబ్బు.

ఎర్లికియా సోకిన కుక్క మొదట తిండి మానేస్తుంది, జ్వరంతో మూలన పడుకుంటుంది. రక్తంలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి. ముక్కు నుంచి రక్తం కారవచ్చు, పొట్ట చర్మం మీద ఎర్రచుక్కలు రావచ్చు. బబీసియాలో చిగుళ్లు పాలిపోతాయి లేదా పచ్చబడతాయి, మూత్రం ముదురు రంగులో వస్తుంది. కుక్కకు మామూలు ఒంటివేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా ఉంటుంది. మన లెక్కన అది జ్వరమే కాబట్టి చేత్తో ముట్టుకుని తేల్చకూడదు, థర్మామీటరు పెట్టి చూడాలి.

రక్తపు చుక్కను గాజుపలక మీద చూసి, కిట్ పరీక్షతో, అవసరమైతే పీసీఆర్‌తో జబ్బు తేలుస్తారు. ఎర్లికియాకు డాక్సీసైక్లిన్‌ను మామూలుగా 28 రోజులు ఇస్తారు. మూడు నాలుగు రోజులకే కుక్క లేచి తోక ఊపుతుంది. అక్కడే చాలా ఇళ్లలో మందు ఆపేస్తారు. జబ్బు లోపల దాక్కుని నెలల తర్వాత ఎముక మజ్జనో, మూత్రపిండాలనో పట్టుకుంటుంది. కోర్సు పూర్తిచేయడం, తర్వాత మళ్లీ రక్తపరీక్ష చేయించడం తప్పనిసరి.

మనుషుల మాత్రలు మాత్రం ఇవ్వవద్దు. జ్వరమని పారాసెటమాల్, నొప్పని ఐబుప్రోఫెన్ వేస్తే కాలేయానికో, కడుపుకో, మూత్రపిండాలకో దెబ్బ తగులుతుంది. ఇంట్లో పెద్దవాళ్లకు వాడే మాత్రలు చేతికి అందుబాటులో ఉంటాయి కాబట్టి ఈ పొరపాటు మన ఇళ్లలో సులువుగా జరుగుతుంది.

ముసలితనం, మూత్రపిండాలు, షాబాదు బండలు

వయసు మీదపడ్డ కుక్క నీళ్లు ఎక్కువ తాగుతుంటే, ఎక్కువసార్లు మూత్రానికి లేస్తుంటే, బరువు తగ్గుతుంటే అది ఎండ వల్లే అనుకోకండి. మూత్రపిండాల పని సుమారు మూడింట రెండు వంతులు దెబ్బతిన్నాకే ఈ లక్షణాలు బయటపడతాయి. రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో మాంసకృత్తులు, రక్తపోటు చూసి జబ్బు ఏ దశలో ఉందో డాక్టర్లు చెబుతారు. పోయిన శక్తి తిరిగి రాదు. మిగిలినదాన్ని చాలాకాలం కాపాడుకోవచ్చు.

మొదటి మందు నీళ్లు. మేం వాకిట్లో, వరండాలో, లోపలి గదిలో ఒక్కో మట్టి గిన్నె పెట్టాం. వేసవిలో రంజన్ కుండ నీళ్లే పోస్తాం. రాత్రిళ్లు మూత్రానికి లేపమని గొణిగితే విసుక్కోకుండా తలుపు తీయాలి. నీళ్లు తగ్గిస్తే మూత్రం తగ్గుతుందని గిన్నె తీసేయడం ఘోరం.

రెండోది తిండి. ఫాస్ఫరస్ తక్కువ ఉన్న ఆహారం కావాలి. ఎముకలు మానేయాలి. మాంసం ఎంత పెట్టాలో డాక్టరే చెప్పాలి. మా ఇళ్లలో కుక్కకు జొన్నరొట్టె, మిగిలిన పప్పు పెట్టడం పాత అలవాటు. ఆ పప్పులో ఉల్లి, వెల్లుల్లి ఉంటాయి. అవి కుక్క ఎర్రరక్తకణాలను పగలగొడతాయి. పిడుదు జ్వరంతో రక్తం తగ్గిన కుక్కకు అది రెండో దెబ్బ. దాని వాటా అన్నం, ఉడికించిన గుమ్మడికాయ తాలింపు పెట్టకముందే పక్కకు తీయాలి. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ అసలు అందకూడదు. ద్రాక్ష మూత్రపిండాలనే దెబ్బతీస్తుంది.

మూడోది నేల. బీదరు ఇళ్లలో షాబాదు బండలు మామూలు. ఆ షాబాదు మాకు దగ్గర్లోని కలబురగి జిల్లాలోదే. నునుపు దేలిన బండ మీద కీళ్లనొప్పుల కుక్క కాళ్లు చీలిపోయి కూలబడుతుంది. ఒక్కసారి జారిపడ్డ కుక్క మళ్లీ నడవడానికి భయపడుతుంది. అది తిరిగే దారి పొడవునా గోనెపట్టాలు గాని, పాత జంపఖానా గాని పరచండి. అరుగు మెట్టు దగ్గర చిన్న వాలు కట్టించండి. కాలిగోళ్లు పెరగనీయకండి.

ఎండాకాలంలో అదే బండ కాలే పెనం. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, వగర్చి వేడిని బయటికి పంపాల్సిందే. పొద్దున ఏడు లోపు, సాయంత్రం చీకటి పడ్డాక మాత్రమే నడిపించండి. అరచెయ్యి బండ మీద కొన్ని క్షణాలు ఆనించలేకపోతే కుక్కను దింపకూడదు. వగర్పు ఆగక, నాలుక ముదురు ఎరుపెక్కి, తూలుతూ ఉంటే అది వడదెబ్బ. మామూలు చల్లని నీళ్లు ఒళ్లంతా పోసి, ఫ్యాన్ కింద పడుకోబెట్టి, వెంటనే ఆసుపత్రికి బయలుదేరాలి. చలికాలంలో నేల చల్లదనం కీళ్లకెక్కకుండా గోనెసంచి కింద చెక్కపలక వేస్తే చాలు.

ఏ మొక్క ఉంచాలి, ఏది తీయాలి

మన వాకిళ్లలో అందం కోసం, పూజ కోసం పెంచే మొక్కల్లో కొన్ని కుక్కకు విషం. గన్నేరు, పచ్చగన్నేరు, ఎడారి గులాబీ అనే అడీనియం గుండె మీద పనిచేస్తాయి. ఆకు నమిలినా ప్రమాదమే. ఉమ్మెత్త నాడుల్ని దెబ్బతీస్తుంది. సైకస్ మొక్క గింజలు కాలేయాన్ని పాడుచేస్తాయి, ప్రాణం కూడా తీస్తాయి. మనీప్లాంట్, డైఫెన్‌బాకియా ఆకులు నమిలితే నోరు మండి వాచిపోతుంది. కలబంద వాంతులు, విరేచనాలు తెస్తుంది. పూజకు గన్నేరు కావాలంటే ప్రహరీ బయట నాటుకోండి, కొమ్మలు కత్తిరించాక ముక్కలు ఏరేయండి.

మొక్క కన్నా ఎరువుతో వచ్చే ప్రమాదం చాలామందికి తెలియదు. ఆముదపు పిండి సేంద్రియ ఎరువుగా దొరుకుతుంది. అందులో రిసిన్ అనే విషం మిగిలి ఉండవచ్చు. ఎముకల పొడి కలిపిన కుండీని కుక్క వాసన పట్టి తవ్వి తింటుంది. ఆ రెండూ ఒకే కుండీలో కలిస్తే మరీ ముప్పు. కుక్క ఉన్న ఇంట్లో వేపపిండి, మగ్గిన పశువుల ఎరువు, వర్మీకంపోస్టు వాడుకోవడం మేలు. వంటింటి చెత్తతో చేసే కంపోస్టు డబ్బాకు మూత బిగువుగా ఉండాలి. బూజు పట్టిన తిండిలోని విషాలకు కుక్కకు ఒళ్లంతా వణుకు, మూర్ఛ వస్తాయి. ఎలుకల మందు, నత్తల మందు వాకిట్లో చల్లడమే వద్దు.

వానాకాలంలో కుండీల కింద పళ్లేల్లో నీళ్లు నిలవనీయకండి. ఎలుకలు తిరిగే చోట నిలిచిన నీటితో లెప్టోస్పైరా సోకుతుంది. అది మూత్రపిండాలను, కాలేయాన్ని పట్టుకుంటుంది, కుక్క నుంచి మనుషులకూ వస్తుంది. దానికి టీకా ఉంది. రేబిస్ టీకాతో పాటు దీన్ని కూడా ఏటా వేయించండి. జబ్బుగా ఉన్న కుక్కకు ఎప్పుడు వేయాలో డాక్టరును అడగండి.

మరి ధైర్యంగా ఏం పెంచుకోవచ్చు? తులసి, మల్లె, గులాబీ, అరెకా పామ్, స్పైడర్ ప్లాంట్. వాకిలి నిండుగా కనిపించడానికి ఇవి చాలు. నీడకోసం గోడవారగా మల్లెపందిరి వేసుకుంటే దాని కింద మధ్యాహ్నం కుక్కకు చల్లని చోటు దొరుకుతుంది.

బీదరుకున్న భాగ్యం

కర్ణాటక పశువైద్య, పశు, మత్స్య విజ్ఞాన విశ్వవిద్యాలయం ప్రధాన కార్యాలయం మా ఊళ్లో, నందినగర్‌లో ఉంది. 2004 నాటి చట్టంతో అది ఏర్పడింది. బెంగళూరు, శివమొగ్గ, హాసన్ పశువైద్య కళాశాలలు దాని కిందివే. నందినగర్‌లోనే పశువైద్య కళాశాల, దాని బోధనాసుపత్రి ఉన్నాయి. రక్తపరీక్ష, ఎక్స్‌రే, శస్త్రచికిత్స కోసం పల్లెల నుంచి రైతులు ఆవుల్ని, మేకల్ని తెస్తారు. వాళ్ల పక్కనే ఇంటికుక్కలు కూడా వరసలో కూర్చుంటాయి. మన ముధోల్ వేటకుక్క మీద పరిశోధనకు బాగల్‌కోట జిల్లా తిమ్మాపురలో కేంద్రం నడుపుతున్నది కూడా ఈ విశ్వవిద్యాలయమే. ఆ జాతి మీద 2005లో తపాలా బిళ్ల వచ్చింది.

తెలుగు నేల మీద కూడా ఇలాంటి సంస్థలున్నాయి. హైదరాబాదు రాజేంద్రనగర్‌లో పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం, తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం. మీ అమ్మానాన్నలు ఏ ఊళ్లో ఉన్నా దగ్గర్లోని పశువైద్య కళాశాల ఎక్కడుందో, ఓపీ వేళలేమిటో జబ్బు రాకముందే కనుక్కుని ఉంచండి.

ఈ ప్రాంతపు భక్తిలో కూడా కుక్కకు చోటుంది. హుమ్నాబాద్ దగ్గరి మాణిక్‌నగర్ దత్త సంప్రదాయపు క్షేత్రం. దత్తాత్రేయుడి పాదాల దగ్గర నాలుగు కుక్కలుంటాయి. కన్నడ, మరాఠీ, తెలుగు పల్లెలు కలిసి కొలిచే మైలారు మల్లన్న వెంట కూడా కుక్క నడుస్తుంది. జబ్బుపడ్డ కుక్కను ఊరి బయట వదిలేయడం ఈ నేల నేర్పిన పద్ధతి కాదు.

దూరాన ఉన్న పిల్లలకు

"కుక్కను కూడా తీసుకొచ్చేయండి" అనడం తేలిక. అమెరికా 2024 ఆగస్టు 1 నుంచి నిబంధనలు కఠినం చేసింది. భారతదేశం రేబిస్ ముప్పు ఎక్కువున్న దేశాల జాబితాలో ఉంది. ఇక్కడ టీకా వేసిన కుక్కకు మైక్రోచిప్, ప్రభుత్వ పశువైద్యాధికారి ధ్రువీకరించిన పత్రం, గుర్తింపు పొందిన ప్రయోగశాలలో రేబిస్ యాంటీబాడీల పరీక్ష, ఆమోదించిన విమానాశ్రయంలో జంతు సంరక్షణ కేంద్రం బుకింగ్ ఉండాలి. యాంటీబాడీల పరీక్ష లేకపోతే 28 రోజుల క్వారంటైన్. ఆస్ట్రేలియా అయితే భారత్ నుంచి నేరుగా కుక్కను రానివ్వదు. మూత్రపిండాల జబ్బున్న ముసలి కుక్కకు ఆ ప్రయాణమే శిక్ష. కాబట్టి దాన్ని ఇక్కడే, తెలిసిన వాసనల మధ్య ఉంచి సాయం చేయడం న్యాయం.

చేయగలిగిన సాయం చాలా ఉంది. వీడియో కాల్‌లో కుక్క చిగుళ్లు చూపించమనండి. గులాబీరంగులో ఉన్నాయా, పాలిపోయాయా గమనించండి. అది నిద్రపోతున్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టించండి. 30 దాటుతుంటే డాక్టరుకు చెప్పాలి. ప్రతి రక్తపరీక్ష కాగితాన్ని ఫొటో తీయించి ఒకచోట దాచండి. కొత్త డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు అదే ప్రాణాధారం. పెద్దవాళ్లు కుక్కను ఎత్తలేరు కాబట్టి ఆసుపత్రికి తీసుకెళ్లే ఆటో మనిషిని, వంగలేని అమ్మ బదులు కుండీలు కదిపే మనిషిని నెలజీతం మీద పెట్టండి. అమ్మానాన్నలు మీ దగ్గరికి వచ్చే నెలల్లో ఇంట్లోనే ఉండి మందులిచ్చి మొక్కలకు నీళ్లు పోసే బంధువునో, పశువైద్య విద్యార్థినో ముందే మాట్లాడి ఉంచండి. ఆ మనిషితో కుక్కకు కొన్ని వారాల ముందు నుంచే అలవాటు చేయించండి.

కుక్కకు నొప్పి తగ్గని రోజు వస్తే, సుఖమరణం గురించి డాక్టరు మాట్లాడితే, ఆ నిర్ణయాన్ని అమ్మానాన్నల మీదికి వదిలేయకండి. ఫోన్‌లోనైనా పక్కన ఉండండి. దాన్ని పెంచిన పెద్దవాళ్ల దుఃఖాన్ని చిన్నచూపు చూడకండి.

మన ప్రవాస సంఘాలు సొంత ఊళ్లలో బడులు బాగుచేయించాయి, ఆసుపత్రులకు యంత్రాలిచ్చాయి. ఇకపై ఆ జాబితాలో పశువైద్యశాలను కూడా చేర్చమని ఈ సంచిక ద్వారా కోరుతున్నాను. ఒక రక్తపరీక్ష యంత్రం, ఒక ఎక్స్‌రే, పేదల పశువులకు మందుల నిధి. ఈ మూడింటితో ఒక తాలూకాలోని ఆవు, మేక, కుక్క అన్నిటికీ వైద్యం అందుతుంది. వచ్చే ఏడాది సంఘం బడ్జెట్ రాసేటప్పుడు ఈ పద్దుకు ఒక వరస కేటాయించండి.